చూపుడు వేలి మీద చీమలు

ఆదివారం. మధ్యాహ్నం ఒంటిగంట ముప్పై రెండు నిమిషాలు.

సిరిసిల్లలో దశరథం ఇంటి ముందు షామియానా కింద మూడో బంతి నడుస్తోంది. ఇంటి వెనక మగ్గాల షెడ్డులో దశరథం పడి ఉన్నాడు. తల పవర్‌లూమ్ ఇనుప చట్రం మీద ఉంది. చట్రం నుంచి నేల దాకా రక్తం. సగం నేసిన తెల్ల గుడ్డ మీదికి కూడా పాకింది.

మొదట చూసింది సాల్మన్. ఆ షెడ్డులో నాలుగు మగ్గాలు నడిపే పనివాడు. తన యజమాని, ఆ మగ్గాల ఆసామి దశరథం తలను ఒళ్లోకి ఎత్తుకుని కేకలు పెట్టాడు. అంబులెన్స్ వచ్చేసరికే ప్రాణం పోయింది.

ఆ రోజు దశరథం మనవరాలికి ఇరవై ఒకటో రోజు. తొట్టెల దావత్. కూతురు హర్షిణి పుట్టింట్లోనే పురుడు పోసుకుంది. అల్లుడు రాకేశ్ పొద్దున్నే లక్సెట్టిపేట నుంచి కారులో వచ్చాడు. అక్కడ అతనికి విత్తనాల దుకాణం ఉంది. అల్లుడై ఉండి కాలు మీద కాలేసుకుని కూర్చోలేదు. వేడి జిలేబీల పళ్లెం పట్టుకుని బంతి బంతికీ తానే వడ్డించాడు. అల్లుడంటే ఇట్లుండాలె అని చుట్టాలు మెచ్చుకున్నారు. మెచ్చుకోవడానికేం, మాటలు ఊరికే వస్తాయి కదా.

సాల్మన్ కేకలకు అందరూ పరుగెత్తారు. శవం పక్కన గ్లూకోమీటర్ పడి ఉంది. రాకేశ్ దాన్ని తీసి బటన్ నొక్కాడు. నాలుగు వందల డెబ్బై ఒకటి. ఆ అంకెను అందరికీ వినపడేలా చదివి, భార్య వైపు తిరిగాడు.

"నువ్వు తినవెట్టిన జిలేబే మీ బాపును సంపింది."

హర్షిణి చేతిలో ఇరవై ఒక్క రోజుల బిడ్డ ఉంది. పక్కనున్న ఆడవాళ్లు బిడ్డను అందుకుని ఆమెను పట్టుకోకపోతే ఇద్దరూ నేల మీద పడేవాళ్లు.

రెండు గంటల పది నిమిషాలకు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ పద్మలత షెడ్డులో అడుగుపెట్టింది. ఊరు ధర్మపురి. నలభై ఆరేళ్లు. మాట తక్కువ, కోపం ఎక్కువ. వెంట ఎస్సై ప్రణయ్.

జనం అప్పటికే తీర్పు చెప్పేశారు. దశరథానికి షుగర్. కూతురు ఫంక్షన్లో బలవంతంగా తీపి తినిపించింది. షుగర్ పెరిగి కళ్లు తిరిగాయి. పడితే ఇనుము తగిలింది. అంతే. ఊళ్లో ప్రతివాడూ డాక్టరే.

పద్మలత మోకాళ్ల మీద కూర్చుని శవాన్ని చూసింది. దశరథం కుడిచెయ్యి పక్కకు చాచి ఉంది. చూపుడు వేలి కొన మీద ఎండిన రక్తపు చుక్క. ఆ వేలి చుట్టూ ఎర్రచీమలు మూగాయి.

"షుగర్ పేషెంట్ రక్తం గద మేడం, తియ్యగుంటది. చీమలు వడ్తయ్" అన్నాడు ప్రణయ్.

పద్మలత అతని వైపు చూసింది. తర్వాత నేల మీద పారిన రక్తం వైపు చూసింది. అక్కడ ఒక్క చీమ కూడా లేదు. వేలికి మూడు ఫోటోలు తీయించింది. వేలిని తడి దూదితో తుడిపించి, దూదిని సీసాలో వేసి సీల్ చేయించింది.

దశరథం చొక్కా జేబులో జిప్పు వేసిన చిన్న పౌచ్ దొరికింది. అందులో సూది గుచ్చే పెన్ను, స్ట్రిప్పుల డబ్బా, ఇన్సులిన్ ఉన్నాయి. ఇన్సులిన్ సూదికి మూత అలాగే ఉంది. మీటర్ మెమరీలో ఆ రోజు రెండు రీడింగులు ఉన్నాయి. పన్నెండు యాభై రెండుకు 146. ఒకటి ఇరవై ఒకటికి 471.

పద్మలతకు కూడా నాలుగేళ్లుగా షుగర్ ఉంది. స్టేషన్లో ఎవరికీ చెప్పలేదు. చెప్తే కానిస్టేబుల్ నుంచి డీఎస్పీ దాకా కాకరకాయ రసం గురించి పాఠం మొదలుపెడతారని ఆమె భయం.

దశరథం భార్య శంకరవ్వను లోపలి గదిలో కూర్చోబెట్టి అడిగింది. ఏడుపు మధ్యలో శంకరవ్వ చెప్పింది. పన్నెండేళ్ల షుగర్లో ఆయన ఒక్క దావత్ కూడా వదల్లేదు. ఖాళీ కడుపుతో ఏ ఫంక్షన్‌కూ పోడు. ఇంట్లో గుప్పెడు ఉడకబెట్టిన శనగలు తిని బయలుదేరతాడు. ముందు కూర, మటన్ ముక్కలు. తర్వాత రెండు గరిటెల బగారా అన్నం. తీపి బొటనవేలంత. ఇన్సులిన్ మాత్రం ప్లేటు చేతికొచ్చాకే. తిన్నాక ఊరి చివరి దాకా నడుస్తాడు. ఒక్క రోజుకు ఏం కాదు తిను అనేవాణ్నీ, ప్లేటులోకి తొంగిచూసి నీకు షుగర్ గదా అనేవాణ్నీ నవ్వుతూనే సాగనంపుతాడు.

హర్షిణి తినిపించింది కూడా ఆ బొటనవేలంత ముక్కే. పన్నెండు నలభై ఐదుకు, అందరి ముందు.

ఇక సాల్మన్. చొక్కా నిండా రక్తం. ప్రణయ్‌కు అతని మీదే అనుమానం.

"రక్తమెట్ల అంటింది?"

"తల లేపిన సార్."

"పోయిన వారం మీ ఆసామి నిన్ను కొట్టిండట?"

"కొట్టిండు. తాగి మగ్గం కాడికొచ్చిన. తప్పు నాదే."

"ఒంటిగంట నుంచి ఒకటిన్నర దాక ఏడున్నవ్?"

"చర్చి కాడికెల్లి నడుచుకుంట వచ్చిన. తొవ్వల ఎవ్వలు కలువలే."

ప్రణయ్ చెయ్యి లేచింది. సాల్మన్ పెదవి చిట్లింది. పద్మలత ఆ చెయ్యి పట్టి కిందికి దించింది. ఆ పట్టుకు ప్రణయ్‌కు నొప్పి పుట్టింది కానీ బయటపడలేదు.

"మీ ఆసామి టెస్టుకు ఏ వేలు గుచ్చుకుంటుండె?" అని ఆమె అడిగింది.

"ఎడమ చెయ్యి చిటికెనేలు మేడం. జర పక్కకు. నాక్కూడ షుగరే. నాకట్లనే నేర్పిండు."

చివరగా రాకేశ్. మాటలు మర్యాదగా ఉన్నాయి. చేతికి ఖరీదైన వాచీ. తాను వడ్డన వదిలి ఎక్కడికీ వెళ్లలేదన్నాడు. ఆ మీటర్ కూడా పోయిన ఏడాది తానే కొనిచ్చి, మామకు వాడడం నేర్పానని చెప్పాడు.

"పౌచ్ ముట్టినవా?"

"లేదు మేడం. మీటరొక్కటే ముట్టిన. అందరు చూసిన్రు."

రాకేశ్‌కు ఇంకో తొందర కూడా ఉంది. రేపు అంత్యక్రియలు కాగానే భార్యాబిడ్డలను తీసుకుపోతానన్నాడు. పసిగుడ్డును సావు ఇంట్లో ఉంచొద్దట. హర్షిణి తల వంచుకుని నిలబడింది. తండ్రిని చంపిన దానికి ఆ ఇంట్లో చోటెక్కడిదని ఆమె కూడా అనుకుంటోంది. ఆ పిల్ల ముఖం చూస్తే పద్మలతకు ఒళ్లు మండిపోయింది.

సోమవారం పొద్దున తొమ్మిది గంటలకు పోస్ట్‌మార్టం. పది గంటలకు షెడ్డులో వేస్ట్ నూలు బస్తా అడుగున మూరెడు ఇనుప పానా దొరికింది. దాని నోట్లో వెంట్రుకలు ఇరుక్కుని ఉన్నాయి. పౌచ్‌నూ, ఇంట్లో అందరి వేలిముద్రలనూ ఆదివారమే తీసుకెళ్లిన ఫింగర్‌ప్రింట్ నిపుణుడు పదకొండున్నరకు ఫోన్ చేశాడు. ఆ తర్వాత పద్మలత శంకరవ్వతో ఇరవై నిమిషాలు ఒంటరిగా మాట్లాడింది.

పన్నెండు నలభై. శవం వాకిట్లో ఉంది. గేటు బయట రాకేశ్ కారు డిక్కీలో బిడ్డ బట్టల మూట అప్పుడే చేరింది. పద్మలత నలుగురిని షెడ్డులోకి పిలిపించింది. శంకరవ్వ, హర్షిణి, సాల్మన్, రాకేశ్. ప్రణయ్ తలుపు దగ్గర నిలబడ్డాడు. వాకిట్లో ఉన్న చుట్టాలు తలుపు దాకా వచ్చి మూగారు.

"దశరథం పడి సావలే. సంపిన్రు" అంది పద్మలత.

మొదటి దెబ్బ వెనక నుంచి. బోర్లా పడ్డాక రెండోది చెవి పైన. పుర్రె లోపలికి దిగింది. చంపినవాడు తలను ఈడ్చి మగ్గం చట్రం మీద పెట్టాడు. పానాను బస్తాలో కుక్కాడు. అంతవరకు ఎవడైనా చేసి ఉండొచ్చు. కానీ వాడు ఇంకో పని చేశాడు. షుగర్ పెరిగి పడ్డాడని నమ్మించడానికి దశరథం జేబులోంచి పౌచ్ తీసి, వేలికి సూది గుచ్చి, టెస్ట్ చేశాడు. పౌచ్‌ను మళ్లీ జేబులో పెట్టి, మీటర్‌ను నలుగురి కంట పడేలా పక్కన వదిలాడు.

"నూట నలభై ఆరున్న మనిషికి బొటనవేలంత జిలేబి తింటే అర గంటల నాలుగు వందల డెబ్బై ఒకటి ఎట్లయితది? అయినా గంత షుగరున్నోళ్లు కూడ ఆటో ఎక్కి వాళ్లంతల వాళ్లే దవాఖానకు వస్తరు. నిలవడ్డకాడ పడి సావరు."

మామిడిపండు తిని చెయ్యి కడుక్కోకుండా టెస్ట్ చేసుకున్న రోజు తన మీటర్ కూడా మూడు వందల తొంభై చూపించిందని ఆమె చెప్పింది. వేలి మీద తీపి ఉంటే మీటర్ ఆ తీపిని కూడా రక్తంలో కలిపి చదువుతుంది. దశరథం చెయ్యి కడగకుండా ఎన్నడూ సూది ముట్టడు. చీమలు పట్టింది రక్తానికి కాదు, వేలికి అంటిన పాకానికి. ఆ పాకం గుచ్చినవాడి చేతిది. ఆమెకు కూడా షుగర్ ఉందని అప్పుడే తెలిసిన ప్రణయ్ కళ్లు పెద్దవి చేశాడు.

"జిలేబి అందరు తిన్నరు. అందరి చేతికి పాకమే" అన్నాడు రాకేశ్. గొంతు మామూలుగానే ఉంది.

"తిన్నరు. గని గుచ్చిన వేలు జూడు. కుడి చూపుడు వేలు. సాల్మన్, చెప్పు."

సాల్మన్ చిట్లిన పెదవిని తడుపుకున్నాడు. తెగిన పోగును చూపుడు వేలు, బొటనవేలితోనే ముడి వేస్తామని చెప్పాడు. ఆ వేలికి సూది గుచ్చితే ముడి పడదు. తెల్ల గుడ్డకు ఒక్క రక్తపు చుక్క అంటినా ఆ బట్టల తాను మొత్తం కొనేవాళ్ల దగ్గర నుంచి వెనక్కి వస్తుంది. మగ్గం మీద బతికేవాడు ఆ వేలిని ముట్టడు.

"ఈ ఇంట్ల పదేండ్ల పిల్లకు కూడ గది ఎరుకే. ఎరుక లేనిది మగ్గం ముట్టని ఒక్కనికే" అంది పద్మలత. "పౌచ్ ముట్టలేదన్నవ్ గద రాకేశ్? జిప్పు ఏసిన పౌచ్ల, సూది పెన్ను మూత మీద పాకంల నీ బొటనేలు ముద్ర ఉంది."

పరువుకు భయపడి నిన్న దాచిన మాట శంకరవ్వ ఇప్పుడు అందరి ముందు చెప్పింది. బాలింతకు తానే నీళ్లు పోస్తుంది. ఇరవై రోజులు హర్షిణి వీపు మీద బట్ట తీయనివ్వలేదు. ఆదివారం పొద్దున తల స్నానానికి తల్లి ఆ బట్ట లాగేసింది. వీపు నిండా బెల్టు వాతలు. నడుము దగ్గర కాల్చిన మచ్చలు మూడు. భర్తకు చెప్పి, ఫంక్షన్ అయ్యేదాకా ఊరుకొమ్మని బతిమాలింది. దశరథం ఊరుకోలేదు. ఒంటిగంట దాటాక అల్లుణ్ని షెడ్డులోకి పిలిచాడు. కూతురిని పంపేది లేదని, పోలీస్ స్టేషన్‌కు పోతానని చెప్పి తలుపు వైపు తిరిగాడు. అప్పుడే పానా లేచింది.

"ఇంకోటి చెప్పాలె" అంది పద్మలత. ఆ మాట చెప్పాలని ఆమెకు లేదు. "సూది గుచ్చినకాడ రక్తం ఊరింది. అంటే గుండె కొట్టుకుంటుంది. ఆయన పానంతోని ఉండంగనే వీడు కూసోని టెస్ట్ చేసిండు."

శంకరవ్వ నేల మీద కూలబడింది.

రాకేశ్ హర్షిణి మీద దూకాడు. రెండు చేతులూ గొంతు చుట్టూ బిగించి ఆమె తలను గోడకు కొట్టాడు. నోరు విప్పింది ఇదేనని, ఇంటికి పోయాక చంపేవాణ్నని అరిచాడు. సాల్మన్ వెనక నుంచి మెడ పట్టి లాగాడు. రాకేశ్ అతని చెయ్యి కొరికాడు. పద్మలత లాఠీ రాకేశ్ మోచేతి మీద పడింది. ఎముక విరిగిన శబ్దం అందరికీ వినపడింది. ప్రణయ్ వాణ్ని బోర్లా పడేసి, వీపు మీద మోకాలు పెట్టి బేడీలు వేశాడు. ఆ తర్వాత సాల్మన్ దగ్గరికి వచ్చి జేబు రుమాలు ఇచ్చాడు. అంతకంటే క్షమాపణ అతనికి చేతకాలేదు.

రాకేశ్‌ను ఎక్కించుకుని జీపు వెళ్లిపోయింది. హర్షిణి గోడకు ఆనుకుని గొంతు పట్టుకుని కూర్చుంది. దగ్గరికి వచ్చిన పద్మలతను అడిగింది.

"బాపు నా జిలేబితోని సావలే గదా మేడం?"

"సావలే బిడ్డా. నువ్వు పెడ్తవని మీ బాపుకు ఎరుకే. దానికి తగ్గట్టు బగారా ఒక గరిటె తక్కువ తినేటోడు."

అప్పుడు ఏడ్చింది ఆ పిల్ల. నిన్నటి నుంచి ఏడవడానికి కూడా తనకు హక్కు లేదనుకుంది. తండ్రిని పిలుస్తూ, నేల మీద అరచేతులు కొడుతూ ఏడ్చింది. ఎవరూ ఆపలేదు.

కాసేపటికి ముఖం తుడుచుకుని పద్మలత ముందు కూర్చుంది.

"రాసుకోండ్రి మేడం. పెండ్లయిన మూడో దినం కాడికెల్లి చెప్త."

తలుపు దగ్గర చుట్టాలు ఇంకా నిలబడే ఉన్నారు. శంకరవ్వ లేచి, పరువు పోతుందన్న పాత భయంతో తలుపు మూయబోయింది.

"తియ్యి అవ్వ" అంది హర్షిణి. "అందరు వినాలె."

శంకరవ్వ తలుపు రెండు రెక్కలూ తెరిచి కూతురి పక్కన కూర్చుంది.