మేడమ్‌గారి కుక్క, పచ్చి మెడలు

"మా గుండుగాడికి ఏమైనా అయిందో, నీ అంతు చూస్తా!"

పొద్దున్నే వానలో తడిసి ముద్దయి వచ్చిన కోడిమెడల మేడమ్ అరుపుకి, చికెన్ కొట్టబ్బాయి చేతిలో కత్తి గాల్లోనే ఆగిపోయింది.

కోడిమెడల మేడమ్ అని పేరు పెట్టింది అతనే, మనసులో. కుక్కకి పచ్చి మాంసమే పెట్టాలని ఎక్కడో చదివి, మూడు నెలలుగా అతని కొట్టులోనే కోడిమెడలు కొంటోంది. ఆమె వచ్చే రోజున ఈ మహానుభావుడు గడ్డం గీసుకునేవాడు. ప్రేమ సంగతి చెప్పడానికి మాత్రం నోరు పెగిలితేగా!

"ఏమైందండీ?"

"ఎముక గొంతులో గుచ్చుకుంది. వాడిప్పుడు డాక్టర్ దగ్గరున్నాడు. నిన్న నువ్విచ్చిందే!"

బేరం తెగని మనిషిని అలాగే వదిలేసి, కొట్టు మూసి ఆమె వెనకే పరిగెత్తాడు. ఆ కుక్క పోతే తన వల్లే పోయినట్టు. ఇక ఈ పిల్ల తన మొహం చూస్తుందా?

పశువుల ఆసుపత్రి బెంచీ మీద ఆమె నాయనమ్మ బిక్కుబిక్కుమంటూ కూర్చుని ఉంది. కాసేపటికి డాక్టరు చిన్న పళ్లెంతో బయటికొచ్చాడు.

"తీసేశాం. గండం గడిచింది. ఇకమీదట పచ్చి ఎముకలు పెట్టకండి."

"హమ్మయ్య!" అని ఆమె గోడకి చేరగిలబడిపోయింది.

కొట్టబ్బాయి పళ్లెంలోని ముక్క తీసి వేళ్ల మధ్య నొక్కాడు. పుటుక్కున విరిగింది.

"డాక్టర్‌గారూ, పచ్చి మెడ ఎముక ఇలా విరగదండీ, వంగుతుంది. ఇది ఉడికింది."

డాక్టరు కళ్లజోడు సర్దుకుని చూసి తలూపాడు. "నిజమే. ఉడికినవే ఇలా గుచ్చుకునేది."

నాయనమ్మ చూపులు నేల మీదికి వాలాయి.

"పచ్చిదెలా తింటుందే, నోరులేని జీవం! నువ్వు ఆఫీసుకెళ్లగానే కుక్కర్లో మూడు విజిల్స్ రానిచ్చి, ఎముకలేరి పెడుతున్నా. నిన్న ఒకటి చెయ్యి జారింది."

"మూడు నెలలుగానా? పచ్చి తిండి వల్లే వాడి బొచ్చు మెరుస్తోందని ఆఫీసంతా టముకు వేశానే!"

డాక్టరు నవ్వాపుకోలేక లోపలికి వెళ్లిపోయాడు. ఆమె కొట్టబ్బాయి వైపు తిరిగింది. ముక్కు ఎర్రబడింది.

"సారీ అండీ. నోటికొచ్చినట్టు అనేశాను."

"తిట్లకేం లెండి. మీరు మళ్లీ కనపడరేమోనని ప్రాణం పోయింది. మీరంటే నాకిష్టం." ఇంత మాట ఎలా అన్నాడో అతనికే తెలీదు.

ఆమె చెప్పుల వైపు చూసి, వాన వైపు చూసి, చివరికి అతని వైపు చూసింది.

"మూడు నెలలు పట్టిందా చెప్పడానికి? పదండి, టీ తాగుదాం."

నాయనమ్మ మొహం చేటంతయింది. "నిక్షేపంగా వెళ్లిరండర్రా! గుండుగాడికి తిండి నే చూసుకుంటాగా!"

"వద్దు!" ఇద్దరూ ఒక్కసారే అరిచారు.

ఆ తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకుని, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వుకున్నారు.