ఆపరేషన్ ఇప్పలవాగు

చనిపోయిన రెండు గంటల తర్వాత అసిస్టెంట్ ఇంజనీర్ కుమారస్వామి నాలుగు ఫొటోలు అప్‌లోడ్ చేశాడు.

సోమవారం పొద్దున ఏడింటికి ములుగు రోడ్డు మీద నంబర్ ప్లేట్ లేని టిప్పర్ ఒకటి ఆయన్ని గుద్దేసి పోయింది. తొమ్మిదింటికి ఆయన ఫోన్ నుంచే ఇప్పలవాగు బ్రిడ్జి 'వంద శాతం పూర్తి' అని సర్టిఫై అయింది. ప్రభుత్వ పనులన్నిటినీ ఫొటోలతో, జీపీఎస్‌తో కనిపెట్టి చూసే 'సేతునేత్ర' అనే ప్లాట్‌ఫాం ఆ నాలుగు ఫొటోలనూ మారుమాట లేకుండా తీసుకుని పచ్చలైటు వెలిగించింది. చచ్చినవాడు డ్యూటీకి వచ్చినా అనుమానపడని ఆఫీసు అదొక్కటే.

బుధవారం సాయంత్రం హన్మకొండలో, ఒక జిరాక్స్ సెంటర్ వెనక గదిలో చీఫ్ రమాకాంత్ ఇదంతా చెప్పాడు. ఎదురుగా ఏజెంట్ భానుచందర్ తలమీద సీడ్ కంపెనీ టోపీ సర్దుకుంటూ విన్నాడు. ఈ మిషన్‌లో అతని వేషం పల్లెల్లో తిరిగే విత్తనాల ఏజెంటు.

"ఆర్చిడ్ రింగ్. ఫారిన్ ముఠా," అన్నాడు చీఫ్. "మన సేతునేత్రను తొమ్మిది దేశాలు తీసుకుంటున్నాయి. శుక్రవారం అగ్రిమెంట్. ఆలోపు దాని పరువు తీయాలని వాళ్ల ప్లాన్. ఎక్కడో హ్యాక్ చేశారు. కనుక్కో. ప్లాట్‌ఫాం కన్సల్టెంట్ నవనీత మన మనిషి."

"వాళ్ల మనిషి కూడా కదా సార్."

"అందుకే ఆమెకు తెలుస్తుంది."

చీఫ్ అతని చేతిలో ఒక పత్తి విత్తనాల ప్యాకెట్ పెట్టాడు. లోపల జామర్. నొక్కితే అరకిలోమీటరు మేర డ్రోన్లు కూలతాయి, ఫోన్లు కెమెరాతో సహా పడుకుంటాయి.

గురువారం పొద్దున ఎనిమిదిన్నరకు హోటల్ లాబీలో నవనీత కూర్చుని ఉంది. లేత గులాబీ సిల్కు చీర, నల్ల కళ్లద్దాలు. ఉన్న నలుగురు వెయిటర్లూ ఆమె పక్క టేబుల్‌నే తుడుస్తున్నారు.

"సర్వపిండి వేడిగా ఉందా?" అన్నాడు భానుచందర్.

"నిన్నటిది. కూర్చో." కోడ్ సరిపోయింది. ఆమె ట్యాబ్ అతని వైపు తిప్పింది. "హ్యాక్ ఏమీ లేదు. నీ కళ్లతో చూడు."

నలభై మూడు బ్రిడ్జిల ఫొటోలు. పని పేరు రాసిన పలక పట్టుకుని ప్రతి ఫొటోలో ఒక కూలీ నిలబడాలని రూలు. నలభై మూడింటిలోనూ ఒకే ఆడమనిషి, అదే పసుపుపచ్చ చీర, వెనక అదే బ్రిడ్జి. పలక మీది పేరొక్కటే మారింది.

"ఏ బ్రిడ్జి డొల్లో మీ ప్లాట్‌ఫామే మా వాళ్లకు లిస్టు ఇచ్చింది," అంది నవనీత. "మావాళ్లు కలిపిన అబద్ధం ఒక్కటే. కుమారస్వామి సర్టిఫై చేయనని మొండికేశాడు కాబట్టి ఆయన్ని తీసేసి, ఆయన ఫోన్‌తో చేశారు. మిగతావన్నీ మీవాళ్లవే. పదకొండింటికి ఆ బ్రిడ్జి మీద మొదటి బస్సు. ఉచిత బస్సు కదా, డెబ్బై మంది ఆడవాళ్లు ఎక్కుతారు. పైన మావాడి డ్రోన్. బ్రిడ్జి కూలడం ప్రపంచమంతా లైవ్‌లో చూస్తుంది."

"నాకెందుకు చెప్తున్నావ్?"

"బస్సు సంగతి నాకు ఇవాళే తెలిసింది. మంచిదాన్నని మాత్రం రిపోర్టులో రాయకు."

భానుచందర్ బైకు ములుగు దాటుతుండగా చీఫ్‌కు ఫోన్ చేశాడు. "బస్సు ఆపించండి సార్."

"ఏమని? డాష్‌బోర్డులో పచ్చగా ఉంది. బస్సులవాళ్లు చూసేది దాన్నే. నువ్వెవరో నేను చెప్పకూడదు. ఫిర్యాదు నువ్వే సేతునేత్రలో పెట్టు. ఒక్కటి గుర్తుంచుకో, వీడియో మాత్రం బయటికి పోకూడదు. అది ఆర్డర్."

పెట్టాడు. 'ఈ పని పూర్తయినది. ఫిర్యాదులు స్వీకరించబడవు' అని జవాబు వచ్చింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ అదే వచ్చింది. అతనికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

ఇప్పలవాగు చేరేసరికి పదీ నలభై. మొన్నటి అకాల వానకు వాగు నిండుగా పారుతోంది. కొత్త బ్రిడ్జి చదునుగా, శుభ్రంగా ఉంది కదా, దాని మీద మక్కజొన్నలు ఎండబోసుకున్న ఒకామె గబగబా బస్తాలకు ఎత్తుకుంటోంది. నలభై మూడు ఫొటోల్లోని మనిషే. పేరు చిలుకమ్మ.

"అక్కా, ఈ బ్రిడ్జి పనిలో నువ్వున్నవా?"

"ఉన్న తమ్మీ. గా కంభంల తట్టలు మోసింది నేనే. సిమెంటు రాలే. ఇసుక బస్తాలేసి పైన పూత పూసిన్రు. సచ్చిపోయిన సారుకు జెప్పిన. రాస్కున్నడు పాపం. ఇగ ఎవలకు జెప్పాలె?"

"ఇప్పుడు బస్సు వస్తాంది. నిండ జనం."

చిలుకమ్మ చేతిలో చాట ఆగిపోయింది.

"మక్కలు మళ్ల పొయ్యక్కా. అడ్డంగ, ఈ చివరి నుంచి ఆ చివరిదాక. చుట్టు రాళ్లు పెడదాం. నేను చేతులడ్డం పెడితే ఆగడు గని, రాళ్లు పెడితే టైర్లకు భయపడి డ్రైవర్ ఆగుతడు."

"ఊకె పొయ్యమంటె ఎట్ల? రోడ్డు మీద పోస్తే కేసేనని పోలీసోళ్లు మొన్ననే జెప్పి పోయిన్రు. పన్నెండు క్వింటాళ్లు తమ్మీ. నా ఏడాది కష్టం." ఆమె వాగు వైపు చూసింది, రోడ్డు వైపు చూసింది. తర్వాత మొదటి బస్తా తానే కుమ్మరించింది.

ఇద్దరూ కలిసి బస్తాలు దించారు, రాళ్లు దొర్లించారు. దూరంగా హారన్ వినపడింది. నెత్తిమీద డ్రోన్ ఈగలా ముసిరింది. బస్సు పూలదండలతో వచ్చి, ముందు చక్రాలు బ్రిడ్జి మీదికెక్కాక రాళ్లు చూసి ఆగింది.

"నీ మక్కలకు ఇదేనా జాగ?" అని డ్రైవర్ సిద్దిరాములు కిటికీలోంచి అరిచాడు. "తీస్తవా, తొక్కిచ్చుకుంట పోవాల్నా?"

"తొక్కిస్తే నన్ను గూడ తొక్కియ్యి," అంది చిలుకమ్మ, గింజల మధ్య చతికిలబడి.

భానుచందర్ ఆర్డర్ ప్రకారం ప్యాకెట్ నొక్కాడు. డ్రోన్ చక్కగా వాగులో పడింది. బస్సులో ఆడవాళ్లు ఎత్తిపట్టిన ఫోన్లన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. అదే క్షణంలో మొదటి పిల్లర్ జానెడు కుంగింది.

"రివర్స్!" సిద్దిరాములుకు ఇంకో మాట అక్కర్లేకపోయింది. భానుచందర్ చిలుకమ్మ రెక్క పట్టి ఇవతలికి లాగాడు. బస్సు చక్రాలు తారురోడ్డు ఎక్కిన మరుక్షణం బ్రిడ్జి మొదటి భాగం, పన్నెండు క్వింటాళ్ల మక్కజొన్నలతో సహా, వాగులో కలిసిపోయింది. డెబ్బై మందిలో ఒక్కరికీ గీత పడలేదు. చిలుకమ్మ మాత్రం ఖాళీ బస్తా పట్టుకుని నీళ్ల మీద తేలుతున్న గింజలను చూస్తూ ఉండిపోయింది.

డ్రోన్‌వాడు తాడ్వాయి దగ్గర దొరికాడు. నవనీత ఎటు వెళ్లిందో రెండు వైపులవాళ్లకూ తెలియదు. కూలిన వీడియో ఎక్కడా లేదు. శుక్రవారం తొమ్మిది దేశాలూ సంతకాలు పెట్టాయి. "మిషన్ సక్సెస్," అన్నాడు చీఫ్.

శనివారం ఎంక్వైరీ రిపోర్టు వచ్చింది. ఇసుక బస్తాల మాట అందులో లేదు. వంతెన కూలుటకు కారణం: అనుమతి లేని అధిక భారం, మక్కజొన్న. బాధ్యురాలు: చిలుకమ్మ.

"పిల్లర్‌లోని ఇసుక బస్తాలు కనపడే ఫొటో ఒక్కటి ఉన్నా ఆమె బయటపడేది సార్," అన్నాడు భానుచందర్. "కెమెరాలన్నీ నేనే ఆర్పేశాను. నన్ను సాక్ష్యం చెప్పనివ్వండి."

"ఎవరు చెప్తారు? అక్కడ నువ్వు లేవు కదా," అన్నాడు చీఫ్. ఆయన గొంతులో కూడా సంతోషం లేదు.

అయినా అతను టోపీ పెట్టుకుని స్టేషన్‌కు పోయాడు. చిలుకమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది.

"బస్సుల ఎవలకన్న దెబ్బలు తాకినయా తమ్మీ?"

"లేదక్కా. అందరు మంచిగ ఇండ్లకు పోయిన్రు."

"గది సాలు. సీడ్ కంపెనీ తమ్ముడు పొయ్యమంటె పోసిన్నని ఎస్సై సారుకు జెప్పిన. ఆయన పేరేందన్నడు. నాకేం ఎర్క? నీ పేరేంది తమ్మీ, రాపిస్త."

సర్వీసులో భానుచందర్‌కు ఆరు పేర్లున్నాయి. ఆమె కేసులో రాయించడానికి వాటిలో ఒక్కటీ పనికిరాలేదు.