కుళాయిగారి కౌంటరు

కౌంటరు మీద చెప్పు దభీమని పడింది. దాని వెనకాలే మాటలూ పడ్డాయి.

“కొని వారం కాలేదు, మడమ పుండైపోయింది! కళ్లున్నాయా మీకు?” అని అరిచాడు పెద్దాయన.

ఉన్నాయి. అందుకే నిండాయి కూడా. ఆ చెప్పుల షాపులో ఫిర్యాదుల కౌంటరు ఆమెది. ఎవరు గట్టిగా అరిచినా ఆమెకు కన్నీళ్లు ఆగవని తోటివాళ్లు ‘కుళాయి’ అని పేరు పెట్టారు. పెట్టుకోనీ! కుళాయి వల్ల ఎవరికైనా నష్టమా?

ముక్కు తుడుచుకుని, “చూద్దాం ఉండండి బాబాయ్,” అంది.

ఈలోగా సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు. చక్కగా ఉంటాడు మహానుభావుడు, నోరు విప్పితేనే చిక్కు. చెప్పు లోపల బొటనవేలితో తడిమాడు.

“నున్నగానే ఉంది సార్. నాలుగు రోజులు వేసుకోండి, కాలే అలవాటు పడుతుంది.”

“ఇటివ్వండి,” అని ఆమె లాక్కుని వేళ్లు పోనిచ్చింది. మడమ పట్టీ దగ్గర చురుక్కుమంది. లోపల ఆవగింజంత దారం ముడి!

“నాకు తగల్లేదే?” అన్నాడతను.

“ఎలా తగులుతుంది? సూపర్‌వైజరు కాకముందు ఏళ్ల తరబడి చెప్పులు కుట్టి మీ వేళ్లకు కాయలు కాశాయి.”

పెద్దాయన చల్లబడ్డాడు. కొత్త జత తీసుకుని, “ఏమనుకోకమ్మా,” అంటూ వెళ్లిపోయాడు.

“రేపట్నుంచి మీరు గోడౌన్లో పనిచేయండి,” అన్నాడు సూపర్‌వైజరు నేలచూపులు చూస్తూ.

ఆమెకు ఒళ్లు మండింది. “నేనేం తప్పు చేశాను?”

“తప్పని కాదండీ. రోజూ ఎవరో ఒకరు ఏడిపిస్తారు. కాస్త మొద్దుబారండి అంటే వినరు.”

“వినను! ఏడుస్తాను, ముక్కు తుడుచుకుంటాను, పని చేస్తాను. ఎవరో అరిచారని నా మనసుకు కాయలు కాయించుకోవాలా? ఆ పప్పులు నా దగ్గర ఉడకవు. నాకు నొప్పి తెలుసు కాబట్టే ఆయనకెక్కడ నొచ్చిందో పట్టుకున్నాను. నన్ను పంపాలంటే ఈ కౌంటరు కూడా మోసుకెళ్లండి!”

“మీరు ఏడుస్తుంటే నేను చూడలేకపోతున్నానండీ!”

షాపంతా ఇటు తిరిగింది. అతని చెవులు ఎర్రబడ్డాయి.

“ఎందుకు చూడలేవు?” ‘మీరు’ ఎప్పుడు ‘నువ్వు’ అయిందో ఆమెకే తెలియదు. “చెప్పు.”

అతను కంగారుగా కౌంటరు మీది పాత చెప్పు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

“ఈ చెప్పు కాదు మహానుభావా! నోరు విప్పి చెప్పు!”

“కాయలు వేళ్లకే కాశాయి, లోపల కాయలేదు,” అన్నాడు తడబడుతూ. “నువ్వంటే నాకు ఇష్టం. గోడౌన్ మాట మర్చిపో.”

అంతే, ఆమె కళ్లు మళ్లీ నిండాయి.

“అయ్యో, ఇప్పుడెవరూ అరవలేదుగా! కట్టెయ్యవా ఆ కుళాయి?”

“కట్టెయ్యను,” అంది ఆమె ఏడుస్తూ, నవ్వుతూ. “నువ్వే అలవాటు పడు!”