అందరి పేజీలూ దిద్దిన సారు

పొద్దున్నే వంటింట్లో అమల రోట్లో ఊరిబిండి పచ్చడి నూరుతుంటే, దయానంద్ గడప దగ్గర పీట వేసుకుని ట్యాబు మీద వేలు ఆడిస్తున్నాడు. తిరుచానూరు రోడ్డులో ఒక హైస్కూల్లో ఆయన సోషల్ మాస్టారు. సుద్దముక్క చేతిలో ఉంటే నల్లబల్ల మీద నదుల్ని పారించగల మనిషి. ఈ ఏడు స్కూలువాళ్లు డిజిటల్ నోటుబుక్కులు తెచ్చేసరికి బిక్కమొహం వేశాడు. పాఠం సారు పేజీలో పెట్టాలట, పిల్లలు ఎవరి పేజీలో వాళ్లు రాయాలట, గ్రూపు పేజీలో అందరూ కలిసి రాయాలట.

అందుకే రోజూ ఇంట్లో ఒక రిహార్సలు. విద్యార్థి అమలే. "అందరూ గ్రూపు పేజీ తెరవండి" అని ఆయన అనడం, పచ్చడి చేతులతోనే "తెరిచినాను సార్" అని ఆమె అనడం, "వెరీ గుడ్" అని ఆయన మెచ్చుకోవడం. ఏడో తరగతితో చదువు ఆగిపోయిన అమలకు ఆ వెరీ గుడ్ అంటే తగని ఇష్టం. జడ అల్లుకుంటూ కూతురు నిస్సీ పడీపడీ నవ్వేది. ఆ పిల్ల తొమ్మిదో తరగతి, చదివేది నాయన దగ్గరే.

ఆ రోజు పాఠం నీటి వనరులు. మీ ఇంటికి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో ఎవరి పేజీలో వాళ్లు రాసి, ఆ తర్వాత గ్రూపు పేజీలో కలిసి చర్చించమని ముందే చెప్పి ఉన్నాడు. ఒక్కో గ్రూపు పేజీనీ పెద్ద తెర మీద తెరుస్తూ వచ్చాడు. మొదటి గ్రూపువాళ్లు ట్యాంకరు గురించి రాశారు. రెండోవాళ్లు ఎండిపోయిన బోరు గురించి రాశారు. మాస్టారికి హుషారు వచ్చింది. మూడోది తెరిచాడు.

'సారు ఇంట్లో మేడమ్‌ను కూర్చోబెట్టి మన పాఠం ప్రాక్టీసు చేస్తారు. మేడమ్ పచ్చడి నూరతా తెరిచినాను సార్ అంటాది. సారు వెరీ గుడ్ అంటారు.' దాని కింద వరసగా నవ్వే బొమ్మలు.

గ్రూపు పేజీ గ్రూపువాళ్లకే కనిపిస్తుందని పిల్లల నమ్మకం. తనకు అన్నీ కనిపిస్తాయని చెప్పడం మాస్టారే మరిచిపోయాడు. వంటింటి మాటను అక్కడిదాకా మోసింది ఎవరో వేరే చెప్పాలా? మూడో గ్రూపులోనే నిస్సీ ఉంది. క్లాసంతా గొల్లుమంది. దయానంద్‌కు తల కొట్టేసినట్టయింది. కూతురి వైపు చూశాడు. ఆ పిల్ల తల వంచుకుంది. "తర్వాతి గ్రూపు" అని, గంట కొట్టేదాకా ఏదో చెప్పాడు. ఏం చెప్పాడో ఆయనకే తెలియదు.

ఇంటికి వచ్చి, చొక్కా కూడా మార్చుకోకుండా భార్యకు సంగతంతా చెప్పాడు. రేపే హెడ్‌మాస్టరును కలిసి తొమ్మిదో తరగతి తనకు వద్దంటాననీ, కింది తరగతులు ఇస్తే సరేసరి, లేకపోతే ఉద్యోగమే మానేస్తాననీ అన్నాడు. చేరిన నాటి నుంచీ ఆ తరగతి ఆయనదే. అమల పీట మీద చతికిలబడింది. నవ్వులపాలైంది తాను కూడా కదా. ఇంటిగుట్టు లంకకు చేటని పెద్దలు ఊరికే అనలేదు. పరాయివాడు రాయి విసిరితే పక్కకు తప్పుకోవచ్చు, కన్నబిడ్డే విసిరితే ఎక్కడికి తప్పుకుంటాం?

నిస్సీ ఆలస్యంగా వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది.

"నన్ను అన్నావు, పోనీ. మీ అమ్మ ఏం చేసింది నీకు?" అన్నాడు దయానంద్. "ఆమె ముచ్చట తీసుకుపోయి అందరి ముందరా పెట్టినావే. నీకు మనసెట్లా వచ్చింది?"

నిస్సీ వెక్కుతూ చెప్పుకొచ్చింది. క్లాసులో తనను ఎవరూ నమ్మరట. పరీక్ష ప్రశ్నలు తనకు ఇంట్లో ముందే తెలిసిపోతాయని అంటారట. గ్రూపులో తను కూర్చుంటే చాలు, మాటలు ఆపేస్తారట. సారు ఇంట్లో చేసే రిహార్సలు సంగతి తను చెప్పిన రోజు మాత్రం అందరూ నవ్వి, దగ్గరికి జరిగి, పేజీలో రాయమన్నారట.

"పక్కన చోటిచ్చినారని మమ్మల్ని అమ్మేసినావు" అన్నాడు.

ఆ మాటకు నిస్సీ తలెత్తింది. "నువ్వు మాత్రం నన్ను యాడ పెట్టినావు నాయనా? అందరి పేజీల్లోనూ రంగు ఇంకుతో రాసినావు, ఇది బాగుండాది, ఇది తప్పు అని. నా పేజీలో ఒక్క గీత కూడా లేదు. చెయ్యెత్తితే నన్ను తప్ప అందర్నీ అడగతావు. నేను రాసింది ఒక్కసారైనా చదివినావా?"

సొంత కూతురికి పక్షపాతం చూపించాడని నలుగురూ అనుకోకూడదనే అలా చేశానని చెప్పబోయి, దయానంద్ సగంలో ఆగిపోయాడు. నలుగురి మాటకు భయపడి తాను ఎవరిని వదులుకున్నాడో అప్పుడు తట్టింది. అమల లేచి ట్యాబు తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది.

"ముందు చదవండి" అంది.

జూన్ నుంచీ రాసిన జవాబులన్నీ నిస్సీ పేజీలో ఉన్నాయి. చివరిది నీళ్ల గురించి. 'మా వీధికి ట్యాంకరు వచ్చినప్పుడు మా నాయన ముందు పక్కింటి అవ్వ బిందెలు, ఎదురింటోళ్ల బిందెలు నింపుతాడు. మా వంతు వచ్చేసరికి ఒక్కోసారి నీళ్లు అయిపోతాయి. అమ్మ ఏమీ అనదు. నాకు మాత్రం కోపం వస్తాది.' ఆయనకు అక్షరాలు మసకబారాయి. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ మొదటి నుంచి చదివాడు.

నిస్సీ తల్లి దగ్గరికి వెళ్లి తప్పయిపోయిందంది. అమల వెంటనే కరగలేదు. "తప్పే" అంది. కొంతసేపటికి కంచంలో అన్నం పెట్టి కూతుర్ని పిలిచింది.

మరునాడు దయానంద్ హెడ్‌మాస్టరు గదికి వెళ్లలేదు. నేరుగా తొమ్మిదో తరగతికి వెళ్లాడు.

"నిన్న మీరు చదివింది నిజమే. నాకు రాని పని, ఇంట్లో నేర్చుకుంటా ఉండాను. నన్ను చూసి నవ్వండి, ఫరవాలేదు. నాకోసం కూర్చునే ఆమెను చూసి నవ్వొద్దు" అన్నాడు.

ఆయన నిస్సీ పేజీని తెర మీద తెరిచాడు. పై నుంచి కింద దాకా రంగు ఇంకుతో దిద్ది ఉంది. వెనక బెంచీలో ఢిల్లీబాబు గొణిగాడు, "ఆ పాపకు ప్రశ్నలన్నీ ముందే తెలుసు గదా సార్" అని.

"తెలిసింటే ఇన్ని తప్పులు రాస్తాదా అబ్బా?"

అందరూ నవ్వారు. నిస్సీ కూడా నవ్వింది. లేచి చదవమంటే చదవడం మొదలుపెట్టింది. పదం పదం సవరించుకుంటూ చివరి వాక్యం దాకా వచ్చి ఆగిపోయింది. కోపం వస్తాదన్న మాట పక్కన ఏ తప్పూ దిద్ది లేదు. 'ఈ కోపం న్యాయమే' అని మాత్రం ఉంది.

ఆ పిల్ల తలెత్తి నాయన వైపు చూసింది. దయానంద్ తొందరపెట్టలేదు.

"చదువమ్మా. వింటా ఉండాను" అన్నాడు.