ఆరో వాక్యం

బస్సు ఆఖరి స్టాపులో ఆగింది. కిటికీ పక్క సీట్లో కూర్చున్న మనిషి తప్ప అందరూ దిగారు. నిద్రపోతున్నాడనుకుని కండక్టర్ భుజం తట్టాడు. తల పక్కకి ఒరిగింది. మెడ వెనక సూది గుచ్చినంత ఎర్రటి చుక్క. అంతే.

చనిపోయినవాడు సైఫర్ సెక్షన్‌లో గుమస్తా. రహస్య సందేశాల కోడ్ తెలిసిన ఇద్దరిలో ఒకడు.

మర్నాడు పొద్దున చీఫ్ ఒక నోట్‌బుక్‌ని టేబుల్ మీదుగా ఏజెంట్ వైపు తోశాడు. ఆమె కోడ్‌నేమ్ కాటుక. ఇంటి దగ్గర మూడేళ్ళ కూతురికి జ్వరం. అత్తగారికి అప్పగించి వచ్చింది గానీ మనసంతా థర్మామీటర్ మీదే ఉంది.

"చదువు," అన్నాడు చీఫ్.

"ఇంగ్లీషు సర్."

"అందుకే పిలిచాను. టెన్త్ మధ్యలో ఆపేసిన ఏజెంటువి నువ్వొక్కదానివే."

పొగిడాడో దెప్పాడో తేల్చుకోలేక ఆమె నోట్‌బుక్ తెరిచింది. స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసు నోట్స్. 'కన్ను' అనే మాటతో వచ్చే ఇంగ్లీషు నుడికారాలు, ఒక్కోదానికి ఒక్కో వాక్యం. ప్రతి ఇంగ్లీషు లైను కిందా దాన్ని ఎలా పలకాలో గుమస్తా తెలుగు అక్షరాల్లో రాసుకున్నాడు. దాని కింద అర్థం. ఆరో వాక్యం దగ్గర ఆమె వేలు ఆగిపోయింది.

'హి క్లోజ్డ్ హిజ్ ఐస్ ఆన్ ది బస్.' బస్సులో కళ్ళు మూశాడు.

తన చావుని తనే గుండ్రటి అక్షరాలతో రాసుకున్నాడు, పాపం.

"క్లాసులో ఆరో వాక్యం ఎప్పుడూ చంపమనే ఆర్డరే. విదేశీ ముఠా నుంచి కవర్లో వస్తుంది, మేడమ్ బోర్డు మీద రాస్తుంది. మేడమ్ మన మనిషే, డబుల్ ఏజెంట్. ఆర్డరు అందుకునే స్టూడెంటు ఎవరో మాత్రం తనకీ తెలీదంటోంది," అన్నాడు చీఫ్.

"స్టూడెంట్లందర్నీ పట్టుకుంటే?"

"చంపినవాడు నోరు విప్పడు. ముఠా ఇంకో ఊళ్ళో ఇంకో క్లాసు పెట్టుకుంటుంది. కోడ్ తెలిసిన రెండో మనిషి టైపిస్టు. ఆవిడా అదే క్లాసుకి వెళ్తోంది, ప్రమోషన్ పరీక్ష కోసం. ఇవాళ మూడింటికి క్లాసు. ఇవాళ్టి ఆరో వాక్యం ఆవిడదే."

"ఆవిడకి చెప్పారా?"

"చెబితే మొహంలో తెలిసిపోతుంది."

కాటుకకి ఒళ్ళు మండింది. అయినా చేయి చాచింది. చీఫ్ రెండు వస్తువులు ఇచ్చాడు. లోపలి అంచున సన్నటి అద్దం ఉన్న కళ్ళజోడు, పెట్టుకుంటే వెనక ఏముందో కనిపిస్తుంది. ఒక పెన్ను, నొక్కితే మత్తుసూది బయటికొస్తుంది. అదే నొక్కుకి మెట్ల కింద కాపలా ఉన్న ఇద్దరికి సిగ్నల్ వెళ్తుంది.

"మారువేషం?"

"ఎందుకు? నువ్వు నీలాగే వెళ్ళు."

మందుల షాపు పైన పొడుగాటి గది. ఒక ఫ్యాను తిరుగుతోంది, ఒకటి తిరగడం లేదు. టైపిస్టు ముందు బెంచీలో కూర్చుంది. భుజం మీద ఆరిపోయిన పాల మరక. కాటుక పక్కన చేరగానే తనే పలకరించింది.

"కొత్తా? భయపడకు చెల్లీ, మేడమ్ అరుస్తుంది గానీ కరవదు. నేను ఐదింటికల్లా వెళ్ళిపోవాలి. ఆరు నెలల వెధవ, నేను లేకపోతే సీసా ముట్టడు."

ఐదింటికి ఇంకా రెండు గంటలుంది. కాటుక పెన్ను తీసి చేతిలో పట్టుకుంది.

మేడమ్ వచ్చింది. పొడుగ్గా, నల్ల గాగుల్స్ జుట్టులోకి తోసుకుని, సెంటు వాసన ముందు నడుస్తుండగా. బోర్డు మీద చకచకా రాసింది.

"కీప్ యాన్ ఐ ఆన్ ది మిల్క్. పాల మీద ఒక కన్నేసి ఉంచు. షీ ఈజ్ ది యాపిల్ ఆఫ్ హిజ్ ఐ. ఆమె అతని కంటిపాప."

"కంట్లో యాపిలేంటి మేడమ్?" అన్నాడు టైలర్ తాత.

"మన కంట్లో పాప ఉంటే లేనిది, వాళ్ళ కంట్లో యాపిలుంటే తప్పేంటి తాతా?" అన్నాడు పక్క వరసలోని ఆటో డ్రైవరు. గదంతా నవ్వింది.

మూడోది, అన్నకీ తనకీ అభిప్రాయాలు కలవవని, సీ ఐ టు ఐ. నాలుగోది, లంచం చూసీ చూడనట్టు ఊరుకున్న ఆఫీసరు, టర్న్డ్ ఎ బ్లైండ్ ఐ. ఐదోది, షాపులో తన కంటపడిన గాజుబొమ్మ, కాట్ మై ఐ.

మంచినీళ్ళ వంకతో కాటుక గది చివరికి నడిచింది. డ్రైవరు చూపు టైపిస్టు మీదే ఉంది. పెన్ను మీద ఆమె వేలు బిగిసింది. దగ్గరికెళ్ళి చూస్తే వాడు ఆవిడ నోట్సు చూసి కాపీ కొడుతున్నాడు. 'కీపెన్నయ్యాన్దిమిల్కు' అని అంతా కలిపి రాసుకున్నాడు. ఒక్కో బెంచీ దాటింది. అందరి నోట్సులూ అంతే. ఇంగ్లీషు, కింద తెలుగు. మేడమ్ వరసల మధ్య తిరుగుతూ కసురుతోంది: "తెలుగులో రాయకండని ఎన్నిసార్లు చెప్పాలి?" చేతులు అడ్డం పెట్టుకుంటున్నారే గానీ ఎవరూ మానడం లేదు. మధ్యలో బడి మానేసినవాళ్ళకి ఆ తెలుగు లైనే చేతికర్ర. అది లేకుండా కాటుక కూడా ఒక్క అడుగు వెయ్యలేదు.

మిగిలింది రెండో బెంచీలో, టైపిస్టు వెనకే కూర్చున్న పెద్దమ్మ. మూడో క్లాసుతో చదువు ఆగిందట. కోడలికి ఇంగ్లీషే వచ్చట, మాట్లాడాలని నేర్చుకుంటోందట. ఒళ్ళో ఊలు సంచి, సగం అల్లిన బుల్లి స్వెట్టరు.

"మీ బాబుకే అమ్మాయ్," అంది టైపిస్టుతో. "మెడ కొలత సరిపోతుందో లేదో."

కాటుక తన చోట కూర్చుని కళ్ళజోడు సర్దుకుంది. అద్దంలో పెద్దమ్మ నోట్‌బుక్ కనబడింది. ఐదు ఇంగ్లీషు వాక్యాలు. కింద ఒక్క తెలుగు అక్షరం లేదు. మూడో క్లాసు చదువుకి ఆ చేతికర్ర అక్కర్లేకపోయింది.

మేడమ్ ఆ బెంచీ పక్కనుంచే వెళ్ళింది. చెప్పిన మాట విన్న ఒకే ఒక్క స్టూడెంటుని ఏ టీచరైనా మెచ్చుకుంటుంది. మేడమ్ చూడనైనా చూడలేదు.

అంటే మేడమ్‌కి తెలుసు. ఎవరి కోసం రాస్తోందో మొదట్నుంచీ తెలుసు.

బోర్డు మీద సుద్దముక్క కిర్రుమంది. కాటుక కూడబలుక్కుంటూ చదివింది. ఇన్ ది... బ్లింక్... ఆఫ్ యాన్ ఐ... ది ఫ్రంట్ బెంచ్... వాజ్...

అద్దంలో పెద్దమ్మ ఆరో వాక్యం రాసుకోవడం లేదు. స్వెట్టరు లోంచి అల్లిక సూది లాగింది. ముందుకి వంగింది. టైపిస్టు తల దించి శ్రద్ధగా రాసుకుంటోంది, మెడ ఖాళీగా ఉంది.

...ఎంప్టీ. రెప్పపాటులో ముందు బెంచీ ఖాళీ అయింది.

కాటుక వెనక్కి తిరగకుండానే పెద్దమ్మ చేతికి పెన్ను గుచ్చింది. అల్లిక సూది టైపిస్టు మెడకి వేలెడు దూరంలో ఆగింది. పెద్దమ్మ స్వెట్టరు మీదికి మెల్లగా ఒరిగిపోయింది.

మేడమ్ అప్పటికే తలుపు దగ్గరుంది. మెట్ల మీద, సిగ్నల్ అందుకున్న ఇద్దరూ ఎదురొచ్చారు.

"నేను మీ మనిషినే," అంది, గాగుల్స్ కళ్ళ మీదికి దించుకుంటూ.

"అవును మేడమ్. వాళ్ళ మనిషి కూడా," అంది కాటుక.

ఇద్దర్నీ తీసుకెళ్ళిపోయారు. టైపిస్టు నేలమీద పడ్డ సూది వైపు చూస్తూ మెడ తడుముకుంటోంది. కాటుక ఆమె చెయ్యి పట్టుకుంది.

చివరికి టైలర్ తాత గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, ఆరో దానికి అర్థం చెప్పకుండానే మేడమ్‌ని పట్టుకుపోయారు. పరీక్షలో వస్తే ఏం రాయాలి?"

అందరూ పెన్నులు పట్టుకుని చూస్తున్నారు. కాటుక బోర్డు వైపు చూసింది, తర్వాత ముందు బెంచీలో కూర్చున్న టైపిస్టు వైపు.

"అది తప్పు వాక్యం తాతా. కొట్టెయ్యండి."