గడియారం మూత లోపల

ఆ ఇంట్లో తెల్లవారడమంటే కింది దుకాణంలో గడియారాలు మేలుకోవడమే. అమ్మ ఏడున్నరకు మెట్లు దిగుతుంది. మరమ్మతయిన చేతిగడియారాలకు కీ ఇచ్చి, ఒక్కొక్కటిగా చెవి దగ్గర పెట్టుకుని, ఎవరో నెమ్మదిగా చెబుతున్న మాట వింటున్నట్టు తల కొంచెం వంచి, తిరిగి అరలో పడుకోబెడుతుంది. ఆ తర్వాతే షట్టరు ఎత్తుతుంది. ఎదురు గడియారాల దుకాణం షట్టరు కూడా సరిగ్గా అప్పుడే లేస్తుంది. ఇరవై రెండేళ్లుగా ఇద్దరిలో ఎవరు ముందన్నది తేలలేదు.

ఆ సోమవారం తేలిపోయింది. అమ్మ షట్టరు ఎత్తేసరికి ఎదుటిది దించే ఉంది. దాని మీద ఒక తెల్లకాగితం అంటించి ఉంది. సన్నటి జల్లులో వీధంతా పాలపొరలా మసకగా ఉండడం వల్ల అక్షరాలు కనబడలేదని అమ్మ తర్వాత చెప్పింది.

పైన కిటికీ దగ్గర కూర్చున్న అమ్మమ్మకు మాత్రం కనబడ్డాయి. డెబ్బై ఆరేళ్ల ఆవిడకు దగ్గరి చూపు మందగించింది గాని దూరపు చూపు చెక్కుచెదరలేదు.

"'శనివారంతో ఈ దుకాణం మూసివేస్తున్నాను. మరమ్మతుకు ఇచ్చినవారు తమ గడియారాలు తీసుకువెళ్లగలరు. ఆపైన వచ్చేవారు ఎదురు దుకాణానికి వెళ్లవచ్చు. అక్కడ పని బాగుంటుంది.'" టీ కోసం పైకి వచ్చిన అమ్మకు అంతా వినిపించి, అమ్మమ్మ కళ్లజోడు సర్దుకుంది. "చూశావా, పోతూ పోతూ నీకు సర్టిఫికెట్టు ఇచ్చి పోతున్నాడు."

"నా పని బాగుంటుందని ఆయన చెప్పాలా? పోతే పోనీ. వీధికి ఒక్క దుకాణం చాలు."

అమ్మ టీలో పంచదార వేసుకుంది. కాసేపాగి మళ్లీ వేసుకుంది.

మనవరాలు అది గమనించింది. గమనించడం ఆ పిల్ల అలవాటు. ఇరవై ఏళ్లది, బొమ్మలు గీయడం చదువుతోంది. చదువు పోగా మిగిలిన కాలమంతా ఒక మాంగాలో, అంటే కుడి నుంచి ఎడమకు చదివే బొమ్మల నవలలో, కాపురం ఉంటోంది. అందులో ఇద్దరు విలుకాళ్లు. ఒకే గురువు శిష్యులు. పన్నెండు సంపుటాలుగా ఒకరినొకరు ఓడించడమే వాళ్ల పని. రాసినవారు ఆ ఇద్దరి మధ్య ప్రేమ అనే మాట ఎక్కడా వాడలేదు. అయినా చదివేవాళ్లలో వేలమంది ఆ మాటే విన్నారు. విని, తమ సొంత కథలు అల్లుకున్నారు, బొమ్మలు గీసుకున్నారు. మనవరాలు ఆ వేలమందిలో ఒకతె. అమ్మమ్మ ఈమధ్యే ఆ గుంపులో చేరింది.

"ఎన్నో పుస్తకంలో ఒప్పుకుంటారే వీళ్లు? వెనక నుంచి చదవడం కదా, పెళ్లి ముందే వస్తుందనుకున్నాను," అంది అమ్మమ్మ, ఏడో సంపుటం తిప్పుతూ.

"ఒప్పుకోరు అమ్మమ్మా. అదే కదా మా ఏడుపు."

"ఇద్దరూ మగపిల్లలే కదూ?"

"అవును."

"సరే, కానీ. ప్రేమ ఉందని ఎలా కనిపెట్టావు? నాకు బాణాలు తప్ప ఏమీ కనబడలేదు."

మనవరాలి మొహం వెలిగింది. "వరసలో ఎలా నిలబడ్డారో చూడు. అందరూ కుడిచేతివాటం వాళ్లు. పక్కకు తిరిగి విల్లెత్తితే ముందువాడి వీపే కనబడుతుంది. వీడొక్కడే పుర్రచేతివాడు, అటువైపు తిరిగి నిలబడతాడు. అందుకని వందమందిలో ఈ ఇద్దరికే ఒకరి మొహం ఒకరికి కనబడుతుంది. ఎదుటివాడి ఊపిరి ఎప్పుడు ఆగుతుందో, ఏ వేలు పుండు పడిందో కంఠతా వచ్చు. మెచ్చుకునేవాళ్లు బోలెడుమంది ఉన్నారు, వాళ్లెవరికీ తెలియదు. శత్రువుకి తెలుసు."

"దాన్ని జాగ్రత్త అంటారు," అంది అమ్మ, కప్పు కడుగుతూ. "పోటీవాడి లోటుపాట్లు తెలుసుకోకపోతే వెనకబడతాం. దానికి ప్రేమని పేరెందుకు?"

"పోటీ అయితే లోటు తెలుసుకుని అక్కడే కొట్టాలి కదమ్మా. తొమ్మిదో పుస్తకంలో పుర్రచేతివాడి భుజం నొప్పి సంగతి ఇతనికి ఒక్కడికే తెలుసు. కొట్టాడా? లేదు. తన కంట్లో ఎండ పడుతోందని అబద్ధమాడి, గురిపలకను దగ్గరికి జరిపించాడు. అందరూ పిరికివాడన్నారు. ఆ మాట పడ్డాడు."

అమ్మ ఆ కప్పును అవసరానికి మించి కడిగింది. "కింద పనుంది," అని దిగిపోయింది.

ఆ దుకాణం ఎదురుగా ఎందుకు వెలిసిందో చెప్పాలంటే తాతయ్య దగ్గర మొదలుపెట్టాలి. ఆయన పనిబల్ల ఇద్దరు ఎదురెదురుగా కూర్చునేది, నడుమ ఒకే దీపం. ఒకవైపు కూతురు, అంటే అమ్మ, మరోవైపు శిష్యుడు. ఎనిమిదేళ్లు ఆ ఇద్దరూ ఒకే వెలుగులో పని నేర్చుకున్నారు. పోయేముందు తాతయ్య దుకాణాన్ని కూతురికిచ్చాడు. శిష్యుణ్ని ఉండమని ఆమె అడుగుతుందని అతను ఎదురుచూశాడు. ఉంటానని అతనే అంటాడని ఆమె ఎదురుచూసింది. ఇద్దరిలో ఎవరూ నోరు విప్పకపోవడంతో నెల తిరిగేసరికి అతను వీధి దాటి సొంత దుకాణం తెరిచాడు. ఊళ్లో ఎక్కడైనా తెరవవచ్చు గదా, ఎదురుగానే ఎందుకన్నది ఎవరూ అడగలేదు. ఆమెకు ఓ మంచివాడితో పెళ్లయింది. పిల్లకు మూడేళ్లప్పుడు ఆ మంచివాడు జబ్బుచేసి పోయాడు. బల్లకు అటువైపు అట్టపెట్టెలు పేరుకున్నాయి.

మాటలు ఆగిపోయినా వాళ్ల పనిలో ఒక ఆచారం ఆగలేదు. గడియారం విప్పి బాగుచేసినవారు వెనకమూత లోపల సూదితో సొంత గుర్తు గీస్తారు, రేపు మరొకరు విప్పితే ఎవరి పనో తెలియడానికి. అమ్మ గుర్తు నెలవంక. ఎదురాయన గుర్తు త్రిభుజం. వీధి చివరి పళ్ల డాక్టరు ఎవరినీ నొప్పించలేని మనిషి గనక, తన తండ్రి గడియారాన్ని ఒకసారి ఈ దుకాణంలో, ఒకసారి ఆ దుకాణంలో ఇస్తూ వచ్చాడు. ఆ మూతలో నెలవంక కింద త్రిభుజం, త్రిభుజం కింద నెలవంక. చిన్నప్పుడు మూతలు తుడిచిపెట్టిన మనవరాలికి ఆ వరస కళ్లలో నిలిచిపోయింది. రెండేళ్ల కిందట అది మళ్లీ వచ్చినప్పుడు అడిగి మరీ చూసింది.

గురువారం మధ్యాహ్నం జల్లు పెరిగింది. కిటికీ మూయడానికి పైకెళ్లిన అమ్మకు బల్ల మీద ఆరుతున్న బొమ్మ కనబడింది. విలుకాళ్లిద్దరూ పొగమంచులో ఎదురెదురుగా, విల్లులు దించి నిలబడ్డారు. చుట్టూ అంచులో నెలవంకలు, త్రిభుజాలు. అమ్మ లెక్కపెట్టలేదు. పదమూడని తెలుసు.

"ఇది ఎవరెవరు చూశారు?"

తలుపు దగ్గరికి వచ్చిన కూతురు ఆగిపోయింది. "దీని చిత్తుప్రతి... మా బొమ్మల గుంపువాళ్లు. మూడువందల మంది ఉంటారేమో."

"నన్ను తీసుకెళ్లి వీధిలో నిలబెట్టావు."

"వాళ్లకి అది ఉత్త అలంకారం అమ్మా."

"నాకు కాదు. ఆయనకీ కాదు." అమ్మ గొంతు పెరగలేదు, సన్నబడింది. "ఇద్దరు మనుషులు పడకపోతే పడలేదనే అనాలి. మీకు మాత్రం అక్కడ ఏదో ఉండి తీరాలి."

"మూతంతా ఖాళీ ఉంది కదమ్మా. ఆయన నీ గుర్తు కిందే ఎందుకు పెట్టాడు? ఆయనది తగులుతున్నట్టుగా నువ్వెందుకు పెట్టావు?"

"అది వరస. పద్ధతి."

"మిగతా ఏ గడియారంలోనూ లేని పద్ధతి."

"నీకేం తెలుసని," అంటూ అమ్మ వేలితో అంచు చూపించింది. "అన్నీ ఒకేలా గీసేశావు. ఈ ఆరోది చూడు. ఆ ఏడు ఆయన బొటనవేలు తెగింది. ఎడమ గీత వాలాలి. ఎనిమిదోది లోతు తక్కువ, చలికాలం చేసిన పని. ఇవన్నీ పనికి సంబంధించిన సంగతులు. నీ కథలకు కాదు."

కూతురు ఆ ఆరో గుర్తు వైపు చూసింది.

"నా చెయ్యి విరిగింది ఎప్పుడమ్మా?" అంది కూతురు, మెల్లగా.

"నాలుగో తరగతిలో. కాదు, ఐదా?"

"మూడు. దెప్పడానికి అడగలేదు. ఆయన బొటనవేలు తెగిన ఏడే."

అప్పటిదాకా కిటికీ దగ్గర నిద్రపోతున్నట్టున్న అమ్మమ్మ కదిలింది.

"నేనూ ఒకటి అడగనా? కింద గోడకి ఆ మేకులన్నీ రెండేళ్లుగా బోసిగా ఎందుకున్నాయే?"

"చెప్పాను కదమ్మా. గోడ బరువు మొయ్యదని గోడ గడియారాలు తీసుకోవడం మానేశాను. అడిగినవాళ్లని ఎదుటికి పంపిస్తున్నాను."

"మీ నాన్న కట్టించిన గోడ అది. నలభై గడియారాలు మోసింది. పేచీ పెట్టిందని నేనెప్పుడూ వినలేదు."

మనవరాలు అమ్మ వైపు చూసింది. రెండేళ్లుగా ఇంట్లో టిక్కుటిక్కులు ఎందుకు పలచబడ్డాయో, ఎదుటి గోడ నిండా లోలకాలు ఎందుకు ఊగుతున్నాయో ఒక్కొక్కటిగా ఆ పిల్లకు బోధపడింది.

"కంట్లో ఎండ పడుతోందన్నాడు," అంది తనలో తాను. తర్వాత అడిగింది: "అమ్మా, ఆయన చెయ్యి వణుకుతోందా?"

అమ్మ మంచం అంచున కూర్చుంది. "పన్నెండో గుర్తు. త్రిభుజం మూడో మూల కలవలేదు. ఇరవై ఏళ్లలో ఒక్కసారి కూడా అలా వదల్లేదు ఆ మనిషి. గోడ గడియారంలో చక్రాలు పెద్దవి. చెయ్యి కొంచెం అటూ ఇటూ అయినా పని చెడదు."

"ఆయనకి చెప్పావా?"

"ఏమని చెప్పను? నాకు తెలుసని తెలిస్తే ఆ రోజే మూసేసేవాడు." మంచం మీది దుప్పటి సర్దింది. "చెప్పకపోయినా మూస్తున్నాడు."

 కూతురికి గెలిచినట్టు అనిపించలేదు. వెళ్లి తల్లి పక్కన కూర్చుంది.

శుక్రవారం పళ్ల డాక్టరు వచ్చాడు. "ఎదురాయన మొన్ననే శుభ్రం చేసిచ్చారండీ. ఇకమీదట మీ దగ్గరికే తీసుకెళ్లమన్నారు. ఒకసారి చూసి ఉంచుతారా?"

అతను వెళ్లాక అమ్మ మూత విప్పింది. లోపల పని నిర్దుష్టంగా ఉంది. చక్రాలు నీళ్లలో చేపల్లా తేలిగ్గా కదులుతున్నాయి. ఎన్ని గంటలు పట్టిందో, ఎన్నిసార్లు చెయ్యి దించి మళ్లీ ఎత్తాడో ఆమె ఊహించగలదు. మూత తిప్పింది. పదమూడో గుర్తు, తన నెలవంక. దాని కింద ఏమీ లేదు.

భూతద్దం కంటికి పెట్టుకుని మళ్లీ చూసింది. ఒక చుక్క ఉంది. సూదిమొన ఆన్చి, గీత మొదలుపెట్టకుండానే తీసేసిన చుక్క. పని చేయగలిగాడు. వంకరపోతుందనే భయంతో గుర్తు మాత్రం పెట్టలేకపోయాడు. ఆ వంకర ఆమె చూస్తుందని.

అద్దం మసకబారింది. ఊపిరి తగిలిందనుకుంది. ముప్పై ఏళ్ల పనిలో ఆమె ఊపిరి ఎప్పుడూ అద్దానికి తగలలేదు.

శనివారం పొద్దున వాన వెలిసింది. వీధి మీద ఆవిరి లేస్తోంది. పైనుంచి అమ్మమ్మా మనవరాలూ చూస్తూనే ఉన్నారు. అమ్మ షట్టరు ఎత్తింది. చేతిలో పళ్ల డాక్టరు గడియారం ఉన్న చిన్న డబ్బాతో వీధి దాటింది. ఇరవై రెండేళ్లలో మొదటిసారి. వెడల్పు పదిహేను అడుగులుండే ఆ వీధి దాటడానికి చాలాసేపు పట్టినట్టనిపించింది.

ఎదుటి షట్టరు సగం లేచింది. అద్దం వెనక ఒక నెరిసిన తల. మాటలు వినబడవు. మాంగాలో ఒక్కోసారి ఒక పుటంతా మాటల్లేని గళ్లు ఉంటాయి, అలా ఉంది. అమ్మ డబ్బా ముందుకు జరిపింది. ఆయన తల అడ్డంగా ఊపాడు, కుడిచెయ్యి ఎత్తి చూపించాడు. అమ్మ ఏదో అంది, రెండు మాటలకు మించదు. ఆయన ఆమె వైపు అలాగే చూస్తుండిపోయాడు. తర్వాత కూర్చుని దీపం వేశాడు. అమ్మ అతని చెయ్యి పట్టుకోలేదు. గడియారం మూతను కదలకుండా రెండు చేతులతో పట్టుకుంది.

మనవరాలికి కళ్లు మసకలయ్యాయి. "అమ్మమ్మా, నాకేం కనబడట్లేదు. నువ్వు చెప్పు."

"నేను మాత్రం ఏం చెప్పను, నా కళ్లూ అంతే. కానీ దీపం ఒక్కటే ఉంది, అటొకరు ఇటొకరు ఉన్నారు. మీ తాత బల్ల దగ్గర చూసినట్టే ఉంది."

అమ్మ తిరిగొచ్చి సరాసరి పనిబల్ల అవతలి వైపుకెళ్లింది. అట్టపెట్టెలు ఒక్కొక్కటే దించసాగింది. అమ్మమ్మ గోడ పట్టుకుని మెట్లు దిగి వచ్చింది.

"ఏమన్నావే వాడితో?"

"వంకరైనా సరే గియ్యి, దాని కింద నాకు చోటుంచు అన్నాను." అమ్మ దుమ్ము దులుపుకుంది. "సోమవారం నుంచి గోడ గడియారాలు ఇక్కడ చేస్తాడు. ఆ మేకులు గట్టిగా ఉన్నాయో లేదో చూడాలి. నువ్వు అలా నిలబడకు తల్లీ, ఈ పెట్టె అటుపక్క పట్టుకో."

కూతురు పట్టుకుంది. ఇద్దరూ కలిసి పెట్టెను మెట్ల కిందికి చేర్చారు. అప్పుడు అమ్మ, ముఖం అటు తిప్పుకునే, అంది:

"ఆ బొమ్మలో పద్నాలుగోది కూడా వెయ్యి. మూడో మూల మాత్రం కలపకు."