ఎర్మెస్ కారులో పక్క సీటు

ఆదివారం పొద్దున నీవెస్ కాఫీ కాచి రెండు కప్పుల్లో పోసింది. తనది తాగేసి, రెండోదాని మీద సాసరు బోర్లించింది. భర్త ఎర్మెస్ కింద గరాజులో ఉన్నాడు. సస్సువోలోలోని టైల్స్ ఫ్యాక్టరీ అమ్మేసిన దగ్గర్నుంచి అతని పొద్దంతా అక్కడే, ముసుగులు కప్పిన తొమ్మిది కార్ల మధ్య. వాటిని కంటికి రెప్పలా చూసుకుంటాడు కానీ నడపడు. తిరిగితే విలువ పడిపోతుందట.

పిల్లలు లేరు. సముద్రం పక్కన కొమాక్కియోలో ఉండే అక్క ఓలిండా రోజూ ఫోను చేసేది. పోయిన చలికాలం ఆమె కూడా పోయాక నీవెస్ రేడియోతో మాట్లాడటం అలవాటు చేసుకుంది.

"మధ్యాహ్నం కొర్రాడో వస్తున్నాడు," అన్నాడు ఎర్మెస్ పైకొచ్చి, చల్లారిన కాఫీ నిలబడే తాగుతూ. "తోర్తెల్లీని చెయ్యి. బజారువి వద్దు, నీ చేత్తో చెయ్యి."

కొర్రాడో ఆ కార్లు చేసే కంపెనీ మనిషి. చక్కటి సూటు, తియ్యటి మాట. పులుసులో తేలుతున్న ఆ మాంసం కూరిన పిండిబిళ్లలు, తోర్తెల్లీని, రెండుసార్లు వడ్డించుకున్నాడు.

"మీకు తెలియనిదేముంది, ఎర్మెస్ గారూ. మీరడుగుతున్న ఈ కొత్త బండి చెక్కు రాసిచ్చి పట్టుకుపోయేది కాదు. చేసేవే గుప్పెడు, అడిగేవాళ్లు ఊరంత. అందుకే పిల్లనిచ్చే ముందు ఇల్లూ వాకిలీ చూసినట్టు, కంపెనీ కూడా మనిషిని చూస్తుంది. ఇదివరకు మా బండ్లు ఎన్ని కొన్నారు, కొన్నవాటిని లాభానికి అమ్ముకున్నారా లేదా, అన్నీ."

"ఒక్కటీ అమ్మలేదు నేను."

"అదే మీకు కలిసొచ్చేది. కానీ..." కొర్రాడో మూతి తుడుచుకున్నాడు. "సర్వీసుకి వచ్చినప్పుడు మీటర్లు చూశారు. కదిలినట్టే లేవు. మంచి ధర కోసం దాచిపెడుతున్నారేమోనని పైవాళ్లకి అనుమానం. వచ్చే ఆదివారం మా బండ్లున్నవాళ్లంతా అబెటోనే కొండకి వెళ్తున్నారు. మీరూ రండి. అమ్మగారిని కూడా తీసుకురండి. అందరూ భార్యలతోనే వస్తారు. జంటగా కనబడితే బాగుంటుంది."

అతను వెళ్లాక నీవెస్ గిన్నెలు కడుగుతుంటే ఎర్మెస్ వంటింట్లోకి వచ్చాడు. అలా రావడం అరుదు.

"విన్నావుగా. ఆ నీలం గౌను వేసుకో. ఎర్రకారు తీస్తాను."

నీవెస్ కుళాయి కట్టేసింది. "ఎందుకు?"

"ఎందుకేమిటి, షికారుకి."

"షికారుకి కాదు, వాళ్లు చూడ్డానికి." ఆమె గొంతు పెంచలేదు. "ఇరవయ్యేళ్లుగా ఇంట్లో ఆ కార్లున్నాయి, ఎర్మెస్. ఒక్కదాన్లో నన్ను ఎక్కించుకున్నావా?"

"నువ్వెప్పుడూ అడగలేదు."

"అడిగాను. ఓలిండా మంచం పట్టినప్పుడు అడిగాను. 'మీ ఆయన కారు చప్పుడు ఒక్కసారి వినాలనుందే, మా వీధంతా కిటికీల్లోంచి తొంగి చూడాలి' అని నవ్వేది. నువ్వేమన్నావు? ఉప్పుగాలికి రంగు పోతుందన్నావు. నేను రైల్లో వెళ్లాను. రైల్లోనే వెళ్లి పాతిపెట్టొచ్చాను."

"నేనూ వచ్చాగా అంత్యక్రియలకి."

"వచ్చావు. చర్చి బయట నిలబడి ఫోన్లో మాట్లాడావు. కొర్రాడోతో."

ఎర్మెస్ మొహం ఎర్రబడింది. "అతను నా పుట్టినరోజుకి ఫోను చేస్తాడు. ఎలా ఉన్నారని అడుగుతాడు. ఈ ఇంట్లో నన్నెవరడుగుతారు?"

"నేనడుగుతూనే ఉన్నా. నువ్వు కింద ఉంటావు, వినబడదు. అతను అడిగేది నిన్ను కాదు, నువ్వు కొనబోయే కారుని."

ఆ మాట అన్నాక తనకే బాధేసింది. కానీ వెనక్కి తీసుకోలేదు. వారమంతా ఇద్దరి మధ్యా ఉప్పు అందివ్వు, తలుపు వెయ్యి అన్నంతవరకే మాటలు నడిచాయి.

ఆదివారం ఎర్మెస్ ఒక్కడే వెళ్లాడు. ఎర్రకారు వీధి మలుపు తిరిగేదాకా దాని చప్పుడు వింటూ నీవెస్ కిటికీ దగ్గరే నిలబడింది. తరవాత దుప్పట్లు మడతపెట్టింది, మడతపెట్టినవే విప్పి మళ్లీ మడిచింది. సాయంత్రం దాకా రాడనుకుంది. మధ్యాహ్నం కాకుండానే గేటు తెరుచుకుంది.

"ఏమైంది? కారు ఆగిపోయిందా?"

ఎర్మెస్ కుర్చీలో కూలబడ్డాడు. "పక్క సీటు ఖాళీగా ఉన్నది నాదొక్కటే. అమ్మగారికి ఒంట్లో బాలేదా అని అడిగాడు కొర్రాడో. అవునని చెప్పబోయాను. నోరు రాలేదు. ఆవిణ్ణి నేనెప్పుడూ ఎక్కించుకోలేదయ్యా అన్నాను. జోకనుకుని అందరూ నవ్వారు." అరచేతుల్తో కళ్లు నొక్కుకున్నాడు. "నేనూ నవ్వాను, నీవెస్. నవ్వి, ఇలా వచ్చేశాను."

"మరి కొత్త బండి?"

"ఇంకెవరికైనా ఇస్తారు." కారు తాళం చెవి మళ్లీ చేతిలోకి తీసుకుని, "కొమాక్కియో వెళ్దామా?" అన్నాడు.

"ఇప్పుడెందుకు? అక్క లేదుగా."

"తెలుసు. ఆలస్యమైంది. అయినా వెళ్దామా?"

నీవెస్ చేతిలోని దుప్పటి పక్కన పెట్టింది. నీలం గౌను జోలికి పోలేదు. ఇంట్లో చెప్పులతోనే వచ్చి పక్క సీట్లో కూర్చుంది.

ఫెరారా దాటాక రోడ్డుకి రెండువైపులా నీళ్లు మొదలయ్యాయి. కంకర ఎగిరి కారు ఒంటికి టకటకా తగులుతోంది. ఎర్మెస్ వేగం తగ్గించలేదు. ఉప్పుగాలి లోపలికి కొడుతోంది. నీవెస్‌కి ఏడుపొచ్చింది. ఏదో అంది. ఇంజను హోరులో అతనికి వినబడలేదు.

"ఏమన్నావు?"

"ఏం లేదు."

ఎర్మెస్ కారుని గట్టు పక్కకి తీసి ఇంజను కట్టేశాడు. ఒక్కసారిగా చుట్టూ నిశ్శబ్దం. సీట్లో ఆమె వైపు తిరిగి కూర్చున్నాడు.

"ఇప్పుడు చెప్పు," అన్నాడు.

ఎన్నేళ్ల మాటలో! ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో ఆమెకి తెలియలేదు. చివరికి ఓలిండా దగ్గర్నుంచి మొదలుపెట్టింది.